ఉమామహేష్ పెట్టిన ఇంజను

కాశీబుగ్గ దాటి హైవే ఎక్కే మలుపులో ఉమామహేష్ మెకానిక్ షెడ్డు ఉంది. జీడిపిక్కలు కాల్చే పొగ వాసన అక్కడ ఏ వేళైనా ఉంటుంది. ట్రాక్టర్లు, ఆటోలు, పిక్కల బస్తాలు మోసే చిన్న లారీలు తప్ప ఆ షెడ్డుకు మరో బండి రావడం అరుదు. ఉమామహేష్ పదో తరగతి సగంలో ఆపేసి స్పానరు పట్టుకున్నవాడు. పెళ్ళి మాట ఎవరెత్తినా, "ముందు మా బావ బాగుపడనియ్యండి" అనేవాడు.

బావంటే అక్క ఉషారాణి భర్త తిరుమలరావు. ఉద్దానంలో సముద్రపు హోరు వినిపించే ఊళ్ళో కొబ్బరి, జీడి తోటలున్న రైతు. ఉమామహేష్ తండ్రి పోయాక కుర్రాణ్ణి తన ఇంట్లో పెట్టుకుని పెంచిందీ, షెడ్డు వేయించిందీ ఆయనే. ఆయనకు కిడ్నీలు రెండూ పోయాయి. వారంలో సగం రోజులు పలాసలో డయాలసిస్ మంచం మీదే గడిచిపోయేవి. ఆ ఊళ్ళో అది వింత కాదు. వీధికి ఇద్దరు ముగ్గురు అలాంటివాళ్ళు ఉంటారు. నీళ్ళలోనే ఏదో ఉందని కొందరు, కాదని కొందరు అంటారు. తేల్చి చెప్పినవాళ్ళు లేరు. ఎందుకైనా మంచిదని జనం బావులు మానేసి కేన్ల నీళ్ళకు అలవాటు పడ్డారు.

మానని మనిషి తిరుమలరావు తల్లి సూరమ్మ.

"మా మావగారు తవ్వించిన బావి. ఆ నీళ్ళు తాగే నాను ముసిలిదాన్నయినాను. నాకేటయ్యింది? ఆ డబ్బా నీళ్ళకి రుసుందేటి, పసుందేటి!" అనేది. కేను నీళ్ళతో కాచిన టీ కూడా ముట్టేది కాదు.

ఒక ఏడాది వైజాగు ఆసుపత్రి నుంచి కబురు వచ్చింది. చనిపోయిన మనిషి కిడ్నీ ఒకటి ఉంది, జాబితాలో తిరుమలరావు పేరు ముందుంది, వెంటనే బయలుదేరమన్నారు. అంబులెన్సు వేరే రోగితో శ్రీకాకుళం వెళ్ళిపోయింది. అద్దెకు దొరికిన కారు టెక్కలి దాటకముందు నుంచే ముక్కుతూ మూలుగుతూ నడిచింది. వీళ్ళు మెట్లెక్కేసరికి అరగంట ఆలస్యం. జాబితాలో తరవాతి మనిషిని అప్పటికే లోపలికి తీసుకెళ్ళిపోయారు.

ఆ అరగంట ఉమామహేష్ గుండెలో ముల్లులా దిగిపోయింది. సూరమ్మ భర్త కొన్న పాత కాంటెస్సా కారు కొబ్బరి పీచు కొట్టులో పడి ఉంది. ఒళ్ళు గట్టిదే, ఇంజను చచ్చిపోయింది. దానికి గాలిని బలంగా లోపలికి నెట్టి ఊపు పెంచే టర్బో ఉన్న మంచి ఇంజను పెట్టి, మళ్ళీ కబురొచ్చిన రోజున తానే తోలుకెళ్ళాలని నిశ్చయించుకున్నాడు. పక్క షెడ్డులో లేతు మిషను నడిపే పాపారావును వెంటబెట్టుకుని వైజాగులో పాత ఇంజన్లు అమ్మే యార్డుకు వెళ్ళాడు.

పాపారావు ఒక జీపు ఇంజను మీద చెయ్యేసి, "ఇది తీసుకో. నాలుగు సిలిండర్ల డీజిలు, టర్బో ఉంది. దీని సామాను టెక్కల్లో దొరుకుద్ది, నరసన్నపేటలో దొరుకుద్ది. దార్లో ఏటయినా ఎవుడో ఒకడు సెయ్యేత్తాడు" అన్నాడు.

ఉమామహేష్ కళ్ళు దాని మీద లేవు. మూల చెక్క దిమ్మ మీద ఇంకొకటి ఉంది. జపాను నుంచి వచ్చిన పెట్రోలు ఇంజను. ఆరు సిలిండర్లు వరసగా, పక్కన ఒలిచిన కొబ్బరికాయంత టర్బో. జీపుదాని కంటే రెండింతలకు పైగా బలమని యార్డు మనిషి చెప్పాడు. "మూడొందల గుర్రాలు!" అన్నాడు.

"మూడొందల గుర్రాల్ని ఎక్కడ కడతావురా, మీ బావ కొబ్బరిసెట్లకా?" అన్నాడు పాపారావు. "పరిగెట్టింది ఆగాల గదేటి. బ్రేకులో?"

"మారుత్తాను."

"గేరుబాక్సో?"

"దానిదే పెడతాను. కింద రేకు కోసి ఎడల్పు సేత్తాను."

"సరే, దీని పొడుగు సూడు. రేడియేటరు ఎక్కడ పెడతావు, నీ నెత్తి మీదా?"

"పల్సటిది సేయిత్తాను, పాపన్నా."

"పెద్ద పొయ్యి మీద సిన్న గిన్నె పెట్టినట్టు ఉంటాది. ఇనుకో నా మాట."

"అరగంట. అరగంటే గదా మా బావకి తక్కువయ్యింది" అన్నాడు ఉమామహేష్.

అన్నమాట నిజమే, కానీ అదొక్కటే నిజం కాదు. పుట్టి బుద్ధెరిగాక ట్రాక్టరు మడ్డిలో తప్ప చెయ్యి పెట్టినవాడు కాడు. అలాంటి ఇంజను ఫోనులో చూడడమే గానీ ఇంత దగ్గరగా ఎరగడు. దాని మీద పెట్టిన చెయ్యి వెనక్కి రాలేదు.

పగలు జనం బళ్ళు, సాయంత్రాలు కాంటెస్సా. వానాకాలమంతా అలాగే గడిచింది. ఇంజను కూర్చోవడానికి దిమ్మలు వెల్డింగు చేశాడు. టర్బో నెట్టే గాలిని చల్లబరిచే డబ్బా ముందు భాగంలో సగం తినేసింది. మిగిలిన సందులో అట్టంత పల్చటి రేడియేటరు దూర్చాడు. మొదటిసారి రోడ్డెక్కించిన రోజు బావను పక్కన కూర్చోబెట్టుకుని టెక్కలి దాకా తోలాడు. కొంతసేపు బండి మామూలుగానే నడిచింది. టర్బో అందుకోగానే వీపులు సీటుకు అతుక్కుపోయాయి. తిరుమలరావు పడీ పడీ నవ్వాడు. "ఒరే ఉమా, కిడ్నీ కోసం తీసుకెల్తన్నావా, గుండె ఆపీడానికా?" అన్నాడు. ఆయన అలా నవ్వి చాలా కాలమైంది.

కబురు ఎప్పుడొస్తుందో తెలియదు కనక బండిని ఊళ్ళోనే, పీచు కొట్టులో ఉంచారు. రేడియేటరు గొట్టం అతుకు దగ్గర నీళ్ళు కొద్దికొద్దిగా కారేవి. సరైన గొట్టం బయటి నుంచి రావాలి. జీడి పంట ముంచుకొచ్చి ఉమామహేష్‌కు షెడ్డులో ఊపిరి సలపలేదు. బండి దగ్గర ఎప్పుడూ ఉండే మనిషి సూరమ్మే. భర్త కారని రోజూ గుడ్డ పెట్టి తుడిచేది. ఆమెకు రేడియేటరు పక్కన డబ్బా చూపించాడు.

"అత్తా, నీళ్ళు ఈ గీత కిందకి దిగితే పొయ్యాల. మంచినీళ్ళే పొయ్యాల, తెలిసిందేటి?"

"నాకు సెప్పాలేటి, నాయనా! మంచినీళ్ళే పోత్తాను."

కేను నీళ్ళని అతని ఉద్దేశం. షెడ్డులో అందరూ అలాగే అంటారు. తరవాత వచ్చినప్పుడల్లా బండి స్టార్టు చేసి, ఊరి చివరి దాకా తిప్పి తెచ్చేవాడు. నీళ్ళు గీత దగ్గరే ఉండేవి. ముసలమ్మ ఎంత శ్రద్ధగా చూస్తోందో అనుకునేవాడు.

ఎండలు ముదిరాక ఒక ఉదయం కబురు వచ్చింది. ఉషారాణి ఫోను పట్టుకుని వాకిట్లోకి పరిగెత్తుకొచ్చింది. సూరమ్మ కొడుక్కి బొట్టు పెట్టి, "బేగి ఎల్లి రా, నాయనా" అంది. పలాస, టెక్కలి, నరసన్నపేట వెనక్కి జారిపోయాయి. లారీలను దాటుతుంటే వెనక సీట్లో ఉషారాణి కళ్ళు మూసుకుని దేవుళ్ళ పేర్లు పలికింది. "ముందే సేరిపోతాం, బావ" అన్నాడు ఉమామహేష్.

శ్రీకాకుళం దాటాక వేడి చూపే ముల్లు లేవడం మొదలైంది. కాలు తీశాడు. దిగలేదు. ఇంజను వేడిని కొంత లాగేస్తుందని లోపలి వేడి గాలి పంకా వేశాడు. ఆ మండుటెండలో ముగ్గురికీ ఒళ్ళు కాలిపోయింది. ఎచ్చెర్ల దాటాక లోపల ఏదో పగిలిన చప్పుడైంది. ముందు నుంచి తెల్లటి ఆవిరి లేచి అద్దం కప్పేసింది.

"నా కాడ దాయకురా. ఏటయ్యింది?" అన్నాడు తిరుమలరావు.

"నీళ్ళు మరిగిపోనాయి, బావ."

"సల్లారితే ఎల్దుమా?"

ఉమామహేష్ రోడ్డు మీదకి వెళ్ళి, వచ్చే కార్లకు చెయ్యెత్తాడు. రోజుకు రెండు గ్లాసులకు మించి నీళ్ళు తాగకూడని ఆ మనిషి, రోడ్డు మీద పారిపోతున్న నీళ్ళను చూస్తూ నిలబడ్డాడు. "ఎన్ని నీళ్ళురా!" అన్నాడు.

ఆగిన కార్లను బతిమాలి, ఒకదానిలో చోటు దొరికించుకుని వెళ్ళారు. దారిలోనే ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. ఇంక ఆగలేమని, మరొకరికి పెట్టేస్తున్నామని చెప్పారు.

తిరుమలరావు తొలకరి దాకా ఉన్నాడు. తరవాత లేడు.

పెద్దకర్మ అయ్యాక ఉమామహేష్ బండిని పీచు కొట్టులోకి లాగించి రేడియేటరు విప్పాడు. లోపలి సందులన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగా పూడిపోయి ఉన్నాయి. గోటితో గీరితే పెచ్చుగా ఊడింది. ఆ తెలుపు అతనికి తెలుసు. చిన్నప్పుడు ఈ ఇంట్లో స్నానాల నీళ్ళు కాచే డేగిసా అడుగున రాయి పెట్టి తోమినా పోయేది కాదు. గీత దగ్గర ఎప్పుడూ నిండుగా కనిపించిన నీళ్ళు ఏ నీళ్ళో అప్పుడు అర్థమైంది. కేను నీళ్ళని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. రేడియేటరు మందంగా ఉన్నా, ఆ జీపు ఇంజనే పెట్టినా, ఈ నీళ్ళతో కూడా ఆ ఒక్క ప్రయాణం గట్టెక్కేదేమో.

సూరమ్మ గోడ పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. కొడుకు పోయాక ఆమె సగం మనిషైపోయింది.

"ఏటయ్యిందిరా దానికి? నానేటి తక్కువ సెయ్యలేదు. నువ్వు సెప్పినట్టే, బావిలోంచి తోడి మంచినీళ్ళే పోసినాను. ఒక్కనాడు మానలేదు."

ఉమామహేష్ రేడియేటరును బోర్లా తిప్పి నేల మీద పెట్టాడు.

"నీళ్ళది కాదత్తా. నాను పెట్టిన ఇంజనుది తప్పు. పాపన్న సెప్పినాడు, నానినలేదు."

"పోనీలే, నాయనా. నువ్వు మాత్రం కావాలని సేసినావేటి" అంది ఆమె. అతని మొహం మీద చెమట చూసి, మెల్లిగా లేచి లోపలికి వెళ్ళి, చెంబుతో నీళ్ళు తెచ్చింది. "ఇంద, ఎండలో పడొచ్చినావు. మంచినీళ్ళు తాగు."

షెడ్డు పెట్టిన నాటి నుంచి అతను ఆ బావి నీళ్ళు ముట్టలేదు. ఆమె అతని గొంతు వైపే చూస్తోంది. చెంబు అందుకుని, ఎత్తి, ఖాళీ అయ్యేదాకా తాగాడు.