అగ్గువకు వచ్చిన రివర్బ్

హనుమకొండలో నేనూ ఒక మిత్రుడూ కలిసి చర్చి పాటలు రికార్డు చేసేవాళ్లం. గొంతుకు పెద్ద హాల్లో పాడిన నిండుతనం ఇచ్చే ఖరీదైన రివర్బ్ సాఫ్ట్‌వేర్‌ను అతను పదో వంతు ధరకే కొన్నాడు.

"గింత అగ్గువకు ఎవడిస్తడు తమ్మీ? దొంగ కాపీ గాదు గదా?"

"సేల్ పెట్టిండ్రు అన్నా. బిల్లున్నది, జర చూడరాదు!"

బిల్లు కూడా దొంగదే అనుకుని చూడలేదు. నా అనుమానాన్ని నిజమన్నట్టే పాస్టరుగారికి చెప్పాను. అతనికి పాటల పని పోయింది.

మొన్న పాత మెయిళ్లు తుడిచేస్తుంటే అదే సేల్, అదే ధర కనిపించాయి. ఆ మెయిల్ నాకూ అప్పుడే వచ్చింది, నేనే తెరవలేదు.

ఆదివారం చర్చిలో అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాను. బయట అతను తన ఫోన్ నాకు అందించాడు.

"ఇప్పుడన్న బిల్లు చూస్తవా అన్నా?"

"అవసరం లేదు తమ్మీ."

"కాదు, చూడు."

నిలబడి మొత్తం చదివాను.