కరియా గొంతు మారిన రోజు

మొన్న పొద్దున మేడమీద బట్టలు ఆరేస్తూ కిందికి చూస్తే, కింది వాటాలో ఉండే ఆయన తన కుక్కపిల్లను ఒళ్ళో పెట్టుకొని, ఒక చేత్తో దాని దవడ తెరిచి రెండో చెయ్యి నోట్లో పెట్టబోతున్నాడు. "రెండు దినాల నుంచి ఏమీ తినల్యా మేడమ్, బొమిక ఇరుక్కొన్నట్టుండాది" అన్నాడు నన్ను చూసి. తడి చీర పిట్టగోడ మీద పడేసి, నా వయసు వాళ్ళు దిగకూడని వేగంతో మెట్లు దిగి ఆయన మణికట్టు పట్టుకున్నాను. ఇద్దరం కలిసి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. డాక్టరు చేతులకు తొడుగులు వేసుకొని, పట్టకారుతో నిజంగానే ఒక కోడి ఎముక బయటికి తీశాడు. తిరిగొచ్చేటప్పుడు ఆయన నా కంగారు తలుచుకొని దారిపొడుగునా నవ్వుకుంటూనే ఉన్నాడు. నవ్వుకోనీ. ఆయనకు మా మేనత్త తెలియదు.

మా మేనత్తది బెళుగుప్ప నుంచి లోపలికి పోతే వచ్చే ఊరు. ఇంటి ముందు కొంచెం చేను, పది మేకలు, ఒక నల్ల కుక్క. దాని పేరు కరియా. పేరుకు ఇంటి కుక్కే గాని అది మామది. మామ చేనికి పోతే ముందు పోయేది, మామ జ్వరంతో పడుకుంటే మంచం కింద పడుకునేది. మామ భార్యతో రోజంతా మాట్లాడే మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కుక్కతో మాత్రం వాన సంగతి, ధరల సంగతి అన్నీ చర్చించేవాడు. అత్త బడి మొహం చూడలేదు. నేను అప్పటికే ఇరవై ఏళ్ళుగా పిల్లలకు జీవశాస్త్రం చెబుతున్నాను. ఈ తేడా ఎందుకు చెబుతున్నానో ముందుకు పోతే తెలుస్తుంది.

ఆ ఏడు దసరా సెలవులకు నేను అక్కడికి పోయేసరికి అత్త గుమ్మఘట్టలో తన అక్క ఇంటికి పోయి ఉంది. వానలు ముఖం చాటేసిన ఏడు. బిగుసుకుపోయిన నేలలోంచి వేరుశనగ చెట్లు పీకి పీకి మామ అరచేతులు బీటలు వారి ఉన్నాయి. నేను పోయిన రోజే కరియా సంగటి ముద్ద వాసన చూసి వదిలేసింది. పిలిస్తే రాకుండా మేకల కొట్టంలో, చీకటి మూలకు పోయి పడుకుంది. మరుసటి రోజు దాని నోరు సగం తెరుచుకొని ఉంది, జొల్లు తీగలాగా కారుతోంది. "పంటి నొప్పేమో మామా" అన్నాను, అన్నీ తెలిసినదాన్ని. మామ బొమిక కోసం రెండుసార్లు దాని గొంతుదాకా చెయ్యి పెట్టి వెతికాడు. ఏమీ దొరకలేదు. నేనొక పాత గుడ్డతో దాని మూతి తుడిచాను.

మధ్యాహ్నం అత్త వచ్చింది. చేతిసంచి దించకముందే కొట్టంలోంచి కరియా అరుపు వినిపించింది. అరుపు కాదు, బొంగురుగా సాగి మధ్యలో తెగిపోయిన మూలుగు. అత్త వాకిట్లోనే నిలబడిపోయింది.

"అది కరియా గొంతేనా?"

మామ సంగతంతా చెప్పాడు. అత్త దూరం నుంచే కొట్టంలోకి తొంగి చూసి, తడిక తలుపు మూసి, కొక్కెం పెట్టింది. "రెండు నెల్ల కిందట యాడిదో కుక్క మేకల మీద పడితే ఇది కొట్లాడి చెవి చింపించుకొనె. మరిచిపోయినావా?" అని అడిగింది మామను. అది పిచ్చికుక్క రోగమని అప్పుడు తట్టింది నాకు. పుస్తకంలో ఆ పాఠం ఏ పేజీలో ఉంటుందో కూడా గుర్తొచ్చింది.

"అది నన్ను కరిచిందా ఏమన్నా?" అన్నాడు మామ. "నా కుక్క నన్నేమిటికి కరుస్తాది?"

అత్త ఆయన చెయ్యి లాగి అరచెయ్యి పైకి తిప్పింది. "ఇవేమి? ఈ పగుళ్ళలోకి జొల్లు పోకుండా అడ్డం పెట్టినావా?"

ఊరికి నాలుగు రోజులకొకసారి నీళ్ళొచ్చే కాలం అది. ఇంట్లో ఉన్నవి మూడు బిందెలు. అత్త సబ్బు తెచ్చి, మామను బండ మీద కూర్చోబెట్టి, రెండు బిందెల నీళ్ళు ఆ చేతుల మీదా నా చేతుల మీదా సన్నటి ధారగా పోసింది. "ఇంగా రుద్దు, ఇంగా" అంటూనే ఉంది.

ఆసుపత్రి మాట వచ్చేసరికి మామ మొండికేశాడు. పక్క ఊళ్ళో పసరు పోసే మనిషి ఉన్నాడు, అది చాలన్నాడు. అత్త ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. "మా నాయన దగ్గర ఒక జీతగాడు ఉండె. కుక్క కరిస్తే పసరే తాగినాడు. నాకు తొమ్మిదేండ్లు. నీళ్ళు నీళ్ళని అడుగుతాడు, చెంబు చూపిస్తే గోడకు అతుక్కుపోతాడు. తలుపు బయట నిలబడి ఇన్న్యాను నేను." మామూలు గొంతుతోనే అంది: "నువ్వు సూదికి చెయ్యి చాపకపోతే, నేను పోయి దాని నోట్లో నా చెయ్యి పెడతా. ఇద్దరం ఒకేతూరి పోదాం."

మామ లేచి చెప్పులు వేసుకున్నాడు.

అనంతపురం పెద్దాసుపత్రిలో మామకూ నాకూ సూదులు వేశారు. మామకు ఆ పగుళ్ళ చుట్టూ కూడా వేశారు. నెలలోపల మళ్ళీ మళ్ళీ పోవలసి వచ్చింది. కరవని కుక్కకు ఇన్ని సూదులా అని ప్రతిసారీ బస్సులో గొణిగేవాడు, కానీ ఒక్కటీ తప్పించలేదు.

మండలం నుంచి పశువుల డాక్టరు వచ్చి, తడిక సందులోంచి చాలాసేపు చూసి, ఎవరూ లోపలికి పోవద్దన్నాడు. మేకలను అప్పటికే పక్కింటి దొడ్డికి తోలేశారు. అత్త తడికకు ఇవతల రాతి మీద కూర్చొని ఉండుండి "కరియా" అని పిలిచేది. మొదటి రోజు తోక కొంచెం కదిలింది. రెండో రోజు చెవి కదిలింది. మూడో రోజు సాయంత్రం అత్త పిలవడం మానేసి ఇంట్లోకి వచ్చింది. డాక్టరు మనుషులు తొడుగులు వేసుకొని వచ్చి, లోతుగా గుంత తీసి, సున్నం చల్లి పూడ్చారు. మామను దగ్గరికి పోనివ్వలేదు.

ఆ సాయంత్రం మామ నాతో అన్నాడు: "నా చెయ్యి గొంతుదాకా పోయినా అది నోరు మూయల్యా పాపా. నన్ను కరవకూడదని తెలుసు దానికి." దవడ పట్టు తప్పిపోయింది కాబట్టి మూయలేకపోయిందని నాకు తెలుసు. చెప్పలేదు. వంటింటి గడపలో నిలబడిన అత్తకూ తెలుసు. అయినా ఆమె "అవును" అంది.

మామ ఆ తరువాత తొమ్మిదేళ్ళు బతికాడు. చెప్పుకోదగ్గ సంగతులేవీ జరగలేదు ఆ తొమ్మిదేళ్ళలో. రెండుసార్లు పంట చేతికొచ్చింది, మిగతా ఏళ్ళు ఎండిపోయింది; పప్పులో ఉప్పు ఎక్కువైందని అత్తతో పోట్లాడాడు; మనవరాలికి సైకిలు నేర్పాడు; ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకొని లేవలేదు. అవన్నీ ఉత్త మామూలు రోజులని ఆయన అనుకొని ఉంటాడు. మామూలు రోజులు ఎవరో కాపాడి ఇస్తే దొరికినవని, అవి గడిచేటప్పుడు ఎవరికీ తెలియదు.