డానియేలు గారి నడక పరీక్ష

2021 ఏప్రిల్. సూరత్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రి కోవిడ్ వార్డులో నేను స్టాఫ్ నర్సును. అప్పటికి పద్దెనిమిదేళ్ల సర్వీసు. మనిషి మొహం చూసి జ్వరం ఎంతుందో చెప్పేస్తానని కాస్త పొగరు కూడా ఉండేది. అది దిగిన కథ ఇది.

మా వార్డులో పక్కపక్క మంచాల మీద ఇద్దరు తెలుగువాళ్లు ఉండేవారు. ఒకరు డానియేలు గారు. రైల్వేలో గార్డుగా రిటైరై ఈ ఊళ్లోనే ఆల్థాన్‌లో స్థిరపడ్డారు, మా తెలుగు క్రైస్తవ సంఘంలో పెద్ద. ఇంకొకరు రాజమల్లు, తెలంగాణ నుంచి వచ్చి పవర్‌లూమ్ కార్ఖానాలో పనిచేసేవాడు. ఒకరోజు ఐసీయూలో ఒక్క బెడ్ ఖాళీ అయింది. వరుస ప్రకారం అది డానియేలు గారిది. ఆయన చేతులు జోడించి, "నాకొద్దు డాక్టర్ గారూ, రాజమల్లుకివ్వండి. చిన్నపిల్లలు గలవాడు" అన్నారు.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. డ్యూటీ దిగగానే మా సంఘం వాట్సాప్ గ్రూపులో ఈ సంగతంతా గొంతు రికార్డు చేసి పెట్టేశాను. ఎన్ని ఆమెన్‌లు వచ్చాయో! టీ తాగుతూ ఒక్కొక్కటీ చదువుకున్నాను.

రాజమల్లు కోలుకుని పది రోజుల్లో వార్డుకి తిరిగొచ్చాడు. అప్పటికి కాస్త తేరుకున్నట్టు కనిపించిన డానియేలు గారికి ముక్కు గొట్టంతో కొద్దిగా ఆక్సిజన్ నడుస్తోంది. ఎప్పుడు ఆక్సీమీటర్ పెట్టినా 94. మేం వాక్ టెస్ట్ అని ఒకటి చేస్తాం. వేలికి ఆక్సీమీటర్ ఉంచి పేషెంటును కొన్ని అడుగులు నడిపిస్తాం. పడుకున్నప్పుడు బాగున్న నంబరు నడిచేసరికి పడిపోతే, ఊపిరితిత్తుల్లో జబ్బు ఇంకా దాగుందని అర్థం. ఆయనకు తప్ప అందరికీ చేశాను. అంత త్యాగం చేసిన మనిషిని అనుమానించడమేమిటి అనిపించింది. చార్టులో ఆ గడి ఖాళీగా వదిలేశాను.

మే నెల మొదటి ఆదివారం ఉదయం మా సంఘం ప్రభువు బల్ల ఫోన్‌లోనే జరిగింది. డానియేలు గారికి వాళ్లింటి నుంచి చిన్న డబ్బాలో రొట్టె, ద్రాక్షరసం వచ్చాయి. తీసుకునే ముందు ఎవరి మనసు వాళ్లు వెతుక్కోవాలి. లోపల అబద్ధం పెట్టుకుని ముట్టకూడదని మా పట్టింపు. పాస్టరు గారు అందుకని కాసేపు మౌనం ఇచ్చారు. డానియేలు గారు డబ్బా పక్కకు జరిపి నన్ను పిలిచారు.

"ఇలా రండమ్మా. రాజమల్లూ, నువ్వూ విను. ఆ రోజు నీ మీద ప్రేమతో బెడ్ ఇవ్వలేదయ్యా. ఐసీయూకి వెళితే తిరిగి రానని నాకు వణుకు. నా భయానికి నీ పిల్లల పేరు పెట్టాను. అందరూ పొగుడుతుంటే బాగుందని ఊరుకున్నాను."

నిజం చెప్తున్నా, నాకు ఒళ్లు మండింది. "ఇప్పుడెందుకండీ ఇదంతా?" అన్నాను.

"ఇంకా ఉందమ్మా. మీరొస్తున్నారంటే ముందే గట్టిగా ఊపిరి పీల్చి నంబరు పెంచుకుంటున్నాను. బాత్రూముకెళ్లొస్తే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. ఇది దాచుకుని ఆ రొట్టె ముట్టలేను."

వెంటనే నడిపించాను. పదడుగులు కూడా వేయలేదు, 81.

రాజమల్లు లేచి కూర్చున్నాడు. "అయితే ఏంది సారూ? నువ్వు భయపడి ఇచ్చినా నాకు ఊపిరైతే ఆడింది గద! నేను బోయి రాలేదా? జర ధైర్యం జేసి పో. నయమైనంక డుమస్ బీచ్‌కు పోయి భజియా తిందాం."

ఆయన నవ్వారు. రొట్టె తీసుకున్నారు, రసం తాగారు. తర్వాత వీల్‌చెయిర్ ఎక్కి, అంత భయపడిన ఐసీయూలోకే వెళ్లారు.

టెస్ట్ చేయలేదని డాక్టరు దగ్గర ఒప్పుకున్నాను. చీవాట్లు పెట్టాడు, పెట్టాల్సినవే. ఐసీయూకి వెళ్లే ముందే డానియేలు గారు అందరికీ చెప్పమన్నారు కాబట్టి గ్రూపులో ఆయన సంగతీ చెప్పాను, నా సంగతీ చెప్పాను. ఈసారి ఆమెన్‌లు పెద్దగా రాలేదు.

పన్నెండు రోజుల తర్వాత ఆయన వార్డుకి తిరిగొచ్చారు. నన్ను చూడగానే, "ముందు నన్ను నడిపించండి సిస్టర్. నా మంచితనం సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. ఆ కోవిడ్ రెండేళ్లలో ధైర్యవంతులను చాలామందిని చూశాను. లోకం పొగుడుతున్నప్పుడు తన మనసును తానే నిలదీసుకున్న మనిషిని మాత్రం ఈయనొక్కరినే చూశాను.

కొత్తగా వచ్చే నర్సులకు ఇప్పుడు ఒకటే చెప్తాను, మంచి పేషెంటు అనిపించినవాళ్లనే ముందు నడిపించండని. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్లలో ద్రాక్షరసం గిన్నె నా చేతికొచ్చినప్పుడు, ఆ రోజు టీ తాగుతూ చదువుకున్న ఆమెన్‌లు గుర్తొస్తాయి. ఆయన మంచితనం పేరు చెప్పి నేను పోగేసుకున్నది నా గొప్పే కదా. గిన్నె ముట్టకుండా పక్కవాళ్లకి అందించేసిన ఆదివారాలు నాకూ ఉన్నాయి.