హెయిరోకు పట్టుకెళ్లిన రెండు పత్రాలు

ఇసో ఒక దీవిలోని సానుకి సీమ ఉప్పుమడుల్లో పుట్టింది. పదేళ్లకే భుజాన కావడి ఎత్తింది. సముద్రపు నీళ్లు మోసి ఇసుక మీద చల్లడం, ఎండాక ఆ ఇసుకను గోకి ఎత్తడం, నలభై ఏళ్లు అదే పని. పోటు ఏ వేళకు ఏ రాయి దాకా వస్తుందో ఆమెను అడిగి తూములు తెరిచేవారు. పిల్లలు పుట్టి దక్కలేదు. ఆమె యాభయ్యో ఏట వేసవిలో భర్త కిసుకె జ్వరంతో పోయాడు. చలికాలం రాగానే ఇసో తెల్లబట్టలు కట్టి, జమ్ము టోపీ పెట్టి, దీవి చుట్టూ ఉన్న ఎనభై ఎనిమిది గుళ్లకు కాలినడకన బయలుదేరింది. ఊరి గుడివాళ్లిచ్చిన పత్రంలో ఆమె పేరూ ఊరూ రాసి ఉన్నాయి. కింద ఇంకో మాట కూడా ఉంది: దారిలో చనిపోతే మీ ఆచారం ప్రకారం అక్కడే పాతిపెట్టండి, మాకు కబురు అక్కర్లేదు.

ఇరవై మూడో గుడి దగ్గర హెయిరోకు జతయ్యాడు. ఇళ్లకు గడ్డి కప్పే ముసలాయన. మోకాలు వంగదు, నోరు మూతపడదు. తర్వాతి గుడికి మూడు రోజులు ఒడ్డు వెంట నడవాలి. అది తోసా సీమ. అక్కడ యాత్రికులు దారి దిగకూడదు, ప్రతి ఠాణాలో పత్రానికి ముద్ర వేయించుకోవాలి. తప్పితే కొట్టి సరిహద్దు అవతలికి తోస్తారు.

రెండో రోజు పొద్దున నేల ఊగింది. గాలి లేకుండానే పైన్ చెట్లు కదిలాయి. హెయిరోకు నవ్వాడు. "నా మోకాలే అనుకున్నా చెల్లెమ్మా, భూమిదా?"

ఇసో నవ్వలేదు. సముద్రం వైపే చూస్తూ నడిచింది. పోటు రావాల్సిన వేళ కాదు, అయినా నీళ్లు పైకొచ్చాయి. అంతలోనే వెనక్కి తగ్గాయి. మళ్లీ వచ్చాయి. అలా మధ్యాహ్నంలోగా మూడుసార్లు.

మర్నాడు గాలి స్తంభించింది. మధ్యాహ్నం దాటాక ఒక చిన్న రేవు చేరారు. తత్సు అనే విధవరాలు గుమ్మంలో నిలబడి యాత్రికులకు ఉడికించిన చిలగడదుంపలు పంచుతోంది. దుంపలిచ్చి, చేతులు జోడించి, "నీళ్లు మాత్రం అడక్కండక్కా" అంది. "బావిలో చేద తడవడం లేదు. ఊరంతా ఇదే గోల."

"ఎప్పట్నుంచి?"

"నిన్నట్నుంచి. వానలు బాగానే పడ్డాయి మరి!"

ఇసో బావిలోకి వంగి చూసింది. అడుగున మట్టి పగిలి ఉంది. దుంప కొరకకుండానే సంచిలో పెట్టుకుంది.

"అన్నా, సముద్రం వేళ తప్పింది, బావీ ఎండింది. నేను కొండెక్కుతాను. నువ్వూ రా."

"కొండెక్కితే ఠాణావాడు వీపు చీరేస్తాడు. పైగా ఈ కాలితోనా? నన్ను మోస్తావా ఏంటి, ఉప్పుకావడిలో కూచోబెట్టుకుని?"

"మోస్తాను. రా."

ఆయన ఆమె ముఖం చూసి తగ్గాడు. "సరే, నీ పత్రం ఇలా ఇవ్వు. రెంటికీ ముద్ర వేయించుకుని నీ వెనకే వస్తాను. ముద్ర ఉంటే ఎవడూ అడగడు. నువ్వు మెల్లగా ఎక్కుతుండు."

ఇసో పత్రం ఇచ్చింది. తత్సు ఒక్క క్షణం తటపటాయించి, పొయ్యి ఆర్పి, దుంపల గంపతో సహా ఆమె వెంట నడిచింది. ఇరుగుపొరుగు నవ్వారు. "పిచ్చి యాత్రికురాలితో షికారా తత్సూ?"

సగం కొండ ఎక్కి ఇసో వెనక్కి చూసింది. ఠాణా ముందు వరసలో తెల్లబట్టలు కనిపించాయి. ఆయన ముందు ఇద్దరే ఉన్నారు. "అన్నా!" అని అరిచింది. ఆయన చేయి ఊపాడు.

పొద్దు వాలుతుండగా కొండ ఒక్కసారిగా అదిరింది. ఇద్దరూ నేలకు కరుచుకున్నారు. లేచి చూసేసరికి రేవులో పడవలు బురదలో ఒరిగి ఉన్నాయి, నీళ్లు లేవు. తర్వాత సముద్రం వచ్చింది. పెద్ద అరుపులేమీ వినపడలేదు, కట్టెలు విరిగిన చప్పుడు మాత్రం చాలాసేపు వినపడింది.

నాలుగో రోజున హెయిరోకు వాగు ఎగువన దొరికాడు. నడుము గుడ్డలో నూనె కాగితంలో చుట్టిన పత్రాలు రెండున్నాయి. రెంటి మీదా ముద్రలున్నాయి. ఊరి పెద్ద ఇద్దరు యాత్రికులు పోయారని రాశాడు. ఆయన్ను అక్కడే పాతి, పక్కన ఇసో పేరున కూడా ఒక కొయ్య నాటారు. ఆ రోజుల్లో ఇసో జ్వరంతో కొండ మీది పాకలో పడి ఉంది. తేరుకున్నాక తత్సు సంగతంతా చెప్పింది. "పత్రం లేకుండా దొరికితే కొడతారక్కా. ఊరుకో. మా ఆడబిడ్డవని చెప్పేస్తా."

ఇసో ఊరుకుంది. తన పత్రం మీద కూడా ముద్ర పడేదాకా ఆయన ఎంతసేపు నిలబడ్డాడో ఎవరినీ అడగలేదు. అడగడానికి ఠాణావాళ్లూ మిగల్లేదు.

పంతొమ్మిదేళ్లు ఆ కొండ మీదే తత్సుతో కలిసి దుంపలు పండించింది. అరవై తొమ్మిదో ఏట ఒక యాత్రికుడు దుంపల కోసం ఆగాడు. వాడిది సానుకి యాస. ఉప్పుమడుల కబుర్లు అడిగింది. కిసుకె ఇల్లు తమ్ముడి కొడుక్కి పోయిందనీ, ఆ ఇంటామె యాత్రలో చచ్చిపోయిందని కబురొస్తే దినాలు ఘనంగా చేశారనీ చెప్పాడు.

"గుళ్లో ఆమెకు చనిపోయాక పెట్టే పేరు పెట్టించారా?"

"పెట్టించారు. ఆ పేరు రాసిన పలక కూడా చూశానమ్మా, మొగుడి పలక పక్కనే."

"ఏం పేరు?"

వాడు దుంప నములుతూ కాసేపు ఆలోచించాడు. "గుర్తులేదమ్మా. పొడుగు పేరు."

ఇసో వాడికి ఇంకో దుంప ఇచ్చింది.