నలభై నాలుగో తలుపు, పన్నెండో పతకం

బస్సు మలుపు తిరిగినప్పుడల్లా పక్కసీటు ముసలాయన సంచి నా మోకాలికి తగిలి గలగలమంటోంది.

"ఏం మోసుకెళ్తున్నారండీ?"

"స్క్రూడ్రైవర్లు. ఇవాళ నలభై నాలుగో తలుపు విప్పాలి."

నా మొహం చూసి నవ్వాడు. "కంగారుపడకండి. విప్పినవన్నీ మళ్లీ బిగించే వచ్చాను."

తాళాలు బిగించడం ఆయన వృత్తి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లయినప్పుడు పన్నెండు వృత్తులవాళ్లకు పన్నెండు రకాల ఇత్తడి పతకాలు పంచారట. తాళంచెవి బొమ్మ ఉన్నది ఈయనకు దక్కింది. అప్పట్లో లెక్కలేనితనం! ఒకరోజు పనిలో వాషరు తక్కువైతే, జేబులో ఉన్న పతకానికే చిల్లు పొడిచి తాళం వెనక బిగించేశాడు. పతకాల పిచ్చి పట్టింది ఆ తర్వాత. నా తిరుగుళ్లలో అగ్గిపెట్టెలు పోగేసేవాళ్లను, పాత ఇటుకలు దాచుకునేవాళ్లను కూడా చూశాను గానీ ఇలాంటివాణ్ణి చూడలేదు. నేతగాడిది, డ్రైవరుది, మంత్రసానిది... పదకొండు దొరికాయి. తాళంచెవిది మాత్రం ఎవరి దగ్గరా లేదు. తను బిగించింది ఏ తలుపుకో గుర్తులేదు. ఆ ఏడాది బిగించిన తాళాలు నలభై నాలుగు. ఎల్లుండి స్వాతంత్ర్యానికి యాభయ్యేళ్లు నిండిన ప్రదర్శన. పన్నెండూ ఉంటేనే అక్కడ పతకాలు పెట్టుకోడానికి అద్దాలపెట్టె ఇస్తారు.

"మనింటి గడియ ఊడి ఏడాదైంది, ఊళ్లోవాళ్ల తలుపులు మాత్రం విప్పుతావని మా ఆవిడ దెప్పుతుంది. ఇందులోనూ లేకపోతే ఇక ఇంటికెళ్లి ఆ గడియ బిగించుకోడమే గతి."

నేను దిగాల్సిన ఊరు ఇంకా దూరం. అయినా ఆయన వెంటే దిగిపోయాను.

అదొక బడిలో సామాన్ల గది. పెద్ద టీచరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"తాతగారూ, విప్పాక నా తాళం పడకపోతే?"

"నేనే గుమ్మానికడ్డంగా పడుకుంటానమ్మా."

మూడు స్క్రూలు ఊడాయి. నాలుగోది తుప్పుపట్టి మొరాయించింది. నూనె చుక్క వేసి, పసిబిడ్డను బుజ్జగించినట్టు బతిమాలాడు. తాళం చేతిలోకొచ్చింది. వెనకనుంచి ఏదో టంగుమని రాలి గచ్చు మీద దొర్లింది. గబుక్కున కాలితో తొక్కిపట్టాడు. ఎత్తి, చొక్కా అంచుతో తుడిచాడు. ఇన్నేళ్లూ గాలి తగలని పక్క బంగారంలా మెరిసింది. చిల్లు పక్కనే తాళంచెవి, చెక్కుచెదరకుండా.

"దొరికిందోచ్!" అని అరిచింది టీచరమ్మే.

"చిల్లుంది కదండీ, ఒప్పుకుంటారా?" ఉండబట్టలేక అడిగాను.

"పన్నెండు ఉండాలన్నారు గానీ చిల్లుండకూడదనలేదే! ఆ మాటకొస్తే మిగతా పదకొండూ ఊరికే పడున్నాయి. పాతికేళ్లు పనిచేసింది ఇదొక్కటే!"

కొత్త వాషరు వేసి తాళం బిగించాడు. రెండుసార్లు వేసి, తీసి, చెవి టీచరమ్మ చేతిలో పెట్టాడు. నేను గ్లాసెడు నీళ్లు తాగి తిరిగి చూసేసరికి గేటు దాటేశాడు. ఒక చెయ్యి చొక్కా జేబు మీద అదిమిపెట్టుకుని, కుర్రాడిలా అంగలేస్తున్నాడు. సంచి గలగల వీధి చివరిదాకా వినిపించింది.