గాజుల ఖైరూన్‌బీతో గండికోటకు

ఈ ఉదయం ఎండకు కాగిన బండల మీద నాలుగు చినుకులు పడ్డాయి. ఆ వాసన తగలగానే చేతిలో చాట పక్కన పెట్టి కూర్చుండిపోయాను. గండికోటలో, పెన్నా లోయ అంచున, ఖైరూన్‌బీ పక్కన నిలబడ్డ రోజూ ఇదే వాసన.

ఖైరూన్‌బీ జమ్మలమడుగులో మా వీధికి గాజులు తెచ్చే మనిషి. అది తెల్లదొరల కాలం. నేను నల్లమల అంచునున్న రుద్రవరం నుంచి కాపురానికొచ్చి ఏడాది కూడా కాలేదు. మా అమ్మ పోయిన కబురు నాకు చేరేసరికి దినాలు కూడా అయిపోయాయి. అప్పటికి మా మరిది పెండ్లికి పందిరి వేస్తున్నారు. "పెండ్లింట్లో ఏడుపేందమ్మా? శుభం జరగనీ" అంది మా అత్త. ఆమె చెడ్డది కాదు, భయపడింది. కన్నీళ్లు మింగాను. వాటితోపాటే ఆకలీ పోయింది.

పెండ్లికి గాజులు వేయడానికొచ్చిన ఖైరూన్‌బీ నా చెయ్యి పట్టుకుంది. అంతకుముందు పండక్కి తాను నొక్కి నొక్కి ఎక్కించిన గాజులు వాటంతటవే జారుతున్నాయి. నా ముఖం చూసింది. పెండ్లి ముగిశాక వచ్చి అత్తతో అంది: "అక్కా, కోడల్ని రేపు నాతో పంపు. గండికోట మా పుట్టినూరు. ఆ గాలి తగిల్తే అన్నం తింటాది."

"పొద్దుగూకేలోపల ఇంట్లో ఉండాల. ఆడ వాళ్ల చేతిది ఏమీ తినొద్దు" అంది అత్త నాతో.

మరునాడు తెల్లారకముందే బండెక్కి పోయాం. కోటలో ఖైరూన్‌బీ నాకు పెద్ద మసీదు, దేవుడు లేని గుడి చూపించింది. ఒక మొండిగోడ ముందు ఆగి, "మా అమ్మ ఈడనే రొట్టెలు కాల్చేది" అని ఆ రాళ్లను అరచేత్తో తుడిచింది. తర్వాత లోయ అంచుకు తీసుకుపోయింది. ఎర్రటి బండల నడుమ, ఎక్కడో పాతాళంలో పెన్నా. చినుకులు మొదలయ్యాయి.

"ఏడ్చుకో తల్లీ. ఈడ నిన్ను ఎవరూ ఆపరు."

"అమ్మా" అన్నాను. అవతలి బండలు ఆ మాటను తిరిగి పలికాయి. ఇక ఆగలేదు. కేకలు పెట్టి ఏడుస్తుంటే ఆమె నా కొంగు గట్టిగా పట్టుకొని నిలబడింది, ఊరుకోమనలేదు. కాసేపటికి తానూ వాళ్లమ్మను పిలిచింది.

ఆమె మూట విప్పి జొన్నరొట్టె, చెనిక్కాయల కారం పెట్టింది. అత్త మాట గుర్తుంది. అయినా తిన్నాను. ఇంకోటి అడిగి మరీ తిన్నాను.

మరుసటేడు కొడుకు ఆమెను బళ్లారికి తీసుకుపోయాడు. "పోతాండా తల్లీ, శానా దూరం" అంది బండి మీద నుంచి. మళ్లీ చూడలేదు. వీధిలో గాజుల కేక వినిపిస్తే ఈనాటికీ గడప దాటి చూస్తాను.

మా కోడలు కాపురానికొచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం వంటింట్లో గోడకు తిరిగి వెక్కుతోంది. ఏడవకు అనడానికి నాకు నోరు రాలేదు. ఎవరూ రాకుండా తలుపు దగ్గరికేసి, ఆమె పక్కన కూర్చున్నాను.