యేసయ్య కూడా అవసరపడతాడా?

సహోదరులారా, అక్కల్లారా, ఈ పూట నన్ను ఇక్కడ నిలబెట్టిన దేవునికే మహిమ! నేనెవరో మీకు తెలుసు, తిరుత్తణి స్టేషన్ దగ్గర ఆటో తోలే దానియేలు భార్యను, ఈ సంఘంలో అందరికంటే గట్టిగా పాడేదాన్ని, నోటికి విశ్రాంతి లేనిదాన్ని. అలాంటి నా ఇంట్లో మా ఎనిమిదేళ్ల పాప గ్రేసీ మాట్లాడడం మానేసింది!

మొదట నత్తి వచ్చింది. ఒక అక్షరం దగ్గరే ఆగిపోయి కళ్లు మూసుకుని తంటాలు పడేది. నాకేమో పొద్దున్నే తిరువళ్ళూరు కంపెనీకి ట్రైన్, వాళ్ల నాన్నకేమో గుడి కొండకు పోయే సవారీలు, అందుకని పాప "అ..." అనగానే "అన్నమా? ఇదో పెడతాండా" అని నేనూ, "అట్టపెట్టెనా? సాయంత్రం తెస్తాలే" అని ఆయనా, ఆ మాట మేమే పూర్తిచేసి పరుగెత్తేవాళ్లం. రానురాను గ్రేసీ తల ఊపడంతోనే సరిపెట్టుకుంది, బడిలో కూడా అంతే. ఆస్పత్రిలో డాక్టరమ్మ చూసి నాలుకకూ చెవికీ ఏ దోషమూ లేదని మాటల అభ్యాసం మొదలుపెట్టింది. నేను ఉపవాసాలుండి ఏడ్చాను. "ప్రభువా, నా బిడ్డ నోరు తెరువు, వేగిరం తెరువు తండ్రీ!" అని ఆయన్ని కూడా తొందరపెట్టాను, చూడండి నా తెలివి!

ఒక ఆదివారం సాయంత్రం కుటుంబ ప్రార్థనలో మార్త, మరియల సంగతి చదివాను. గ్రేసీది తమిళ బడి, తెలుగు చదవలేదు, అందుకే నేను చదివితే వింటుంది. మార్త వంట పనుల్లో సతమతమవుతుంటే, నిజంగా అవసరమైనది ఒకటేనని ప్రభువు ఆమెకు చెప్పిన చోటికి వచ్చాను. మా ఆయన అప్పటికే ఆటో తాళం చేతిలో పట్టుకుని ఆమేన్ కోసం చూస్తున్నాడు. ఉన్నట్టుండి పాప తలెత్తింది.

"అ... అమ్మా... యేసయ్య గూడా... అ... అ..."

ఏం అందించాలో మా ఇద్దరికీ తెలియలేదు! ఆ మాట ఏమై ఉంటుందో ఊహకే రాలేదు. గత్యంతరం లేక ఊరుకున్నాం.

"...అవసరపడతాడా?"

నేను చదివిన వాక్యంలో అవసరం అన్న మాట ఉంది, తమిళంలో అవసరం అంటే తొందర కదా! ప్రభువున్న ఆ ఇంట్లో కూడా ఒకటే తొందర అని పాపకు వినిపించింది. మా ఆయనకు నవ్వొచ్చింది. "ఏల పాపా, అట్ల అడిగినావు?" అన్నాడు. మళ్లీ చాలాసేపు పట్టింది.

"మ... మనింటి మాదిరేనా అని."

అయ్యో దేవా! ఆయన నవ్వు ఆగిపోయింది. నేను పాపను ఒళ్లోకి లాక్కుని వెక్కివెక్కి ఏడ్చాను.

ఇన్నేళ్లు ఇన్ని ప్రసంగాలు విన్నా రాని బుద్ధి, రెండు భాషల మధ్య చిక్కుకున్న ఒక్క మాటతో ఎలా వచ్చిందా అని నాకు ఇప్పటికీ వింతే! పాప చెవిలో ఆ మాట అలా పడనిచ్చింది దేవుడేనా? పాస్టరయ్యను అడిగితే నవ్వి, "నువ్వే ప్రార్థించి అడుగమ్మా" అన్నారు. అడుగుతూనే ఉన్నాను.

అప్పట్నుంచి ఆ ప్రార్థన వేళను కంటికి రెప్పలా కాపాడుకుంటున్నాం. ఫోన్లు ఆగుతాయి, పొయ్యి ఆరుతుంది, కృత్తిక పండుగ నాడు కొండకు జనం విరగబడినా ఆయన ఆటో ఇంటి ముందే ఉంటుంది. ముందు గ్రేసీయే ప్రార్థిస్తుంది, ఎంతసేపు పట్టినా సరే. మొదట్లో మాట అందించకుండా ఉండలేక నా నాలుక దురద పెడుతుంటే, ఆయన నా చెయ్యి గిల్లేవాడు! డాక్టరమ్మ అభ్యాసమూ మానలేదు. నత్తి ఇంకా పూర్తిగా పోలేదు సహోదరులారా, కానీ నా బిడ్డ మాట్లాడుతోంది! హల్లెలూయా!

మీ ఇంట్లో కూడా మాట ఆగిపోయినవాళ్లు ఉంటే ప్రభువును నమ్మి వాళ్ల పక్కన కూర్చోండి. ఈ రోజు ముగింపు ప్రార్థన తానే చేస్తానని గ్రేసీ అడిగింది. మధ్యలో ఆగుతుంది, మీకు మాట తెలిసినా దయచేసి ఎవరూ అందించకండి.

రా తల్లీ, మైకు పట్టుకో. మేము వింటాండాం.